గుంతకు పోయాల్సిన నీళ్ళు

మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు తెరవడానికి ఒక పద్ధతి ఉండేది. ముందు చెక్క పీట మీద ఎక్కి నిలబడాలి. చేతులు కొంగుకు తుడుచుకోవాలి. రెండో చెయ్యి గోడకు గానీ, పక్కనున్న నీళ్ళ డ్రమ్ముకు గానీ తగలకుండా వెనక్కి పెట్టుకోవాలి. అప్పుడు ప్లాస్టిక్ పిడి ఉన్నంత మేరే పట్టుకుని లాగాలి. చుట్టాలొస్తే కూర్చోమన్న వెంటనే ఈ పద్ధతి చెప్పేవాళ్ళం. "మా ఫ్రిజ్ ముట్టుకుంటే రోంత జుమ్మంటాది, పీటెక్కి తీయండి" అని మా ఆయన నవ్వుతూ చెప్పేవాడు, పొడిచే అలవాటున్న ఆవును గురించి చెప్పినట్టు. వాళ్ళూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది. కాకపోతే ఈ వయసులో కోపానికి కూడా ఓపిక కావాలి.

నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. ఇంటి వైరింగులో ఎర్తింగ్ ఎందుకు అవసరం అనేది నేను ఏటా పిల్లలచేత రాయించే రెండు మార్కుల ప్రశ్న. జవాబు కూడా నేనే చెప్పి రాయిస్తాను. సామానులో కరెంటు లీకయితే అది మనిషి గుండా పోకుండా తీగ గుండా భూమిలోకి పోవడానికి. ఇరవై ఏళ్ళుగా ఎన్ని వందలమందికి ఈ జవాబు కంఠతా పట్టించానో లెక్కలేదు. అది నాకు మాత్రం వంటబట్టలేదని తెలియడానికి ఒక మనిషి ప్రాణం మీదికి రావాల్సి వచ్చింది.

బనగానపల్లెలో మా ఇల్లు పాతది. రాతి గోడలు, నాపబండల నేల, మామగారి కాలం నాటి వైరింగు. ఇంట్లో ఉండేది నేను, మా ఆయన, మా అత్త. ఫ్రిజ్ కొందామని మా ఆయన అన్నప్పుడు అత్త ఒప్పుకోలేదు. కుండలో నీళ్ళు చల్లగానే ఉన్నాయి కదా, చద్దన్నం దాచుకుని తినే రాత ఎందుకు అంది. చివరికి బడి నుంచి వచ్చి ప్రతి సాయంత్రం పెరుగు పులిసిపోయిందని నేను గొణగడం భరించలేక ఊరుకుంది.

దాన్ని ఆటోలో నిలబెట్టే తెచ్చారు. దింపిన మనిషికి తన పని బాగా తెలుసు. దారిలో కుదుపులకు లోపలి నూనె అటూ ఇటూ అయి ఉంటుంది, నాలుగు గంటలు కదపకుండా వదిలేసి ఆ తర్వాతే స్విచ్చి వేయమన్నాడు. వెనక వేడి పోవాలి కాబట్టి గోడకూ దానికీ మధ్య జానెడు ఎడం ఉండాలన్నాడు. జంక్షన్ బాక్సుకు తగిలించొద్దు, దాని ప్లగ్గు దానికే ఉండాలి, స్టెబిలైజరు తప్పనిసరి అన్నాడు. చివరికి మా గోడలోని సాకెట్టు విప్పి చూశాడు. దానికి మూడు రంధ్రాలున్నాయి గానీ మూడో రంధ్రం వెనక ఏ తీగా లేదు. ఎర్తింగ్ వేయించకుండా దీన్ని నడపొద్దని గట్టిగా చెప్పి పోయాడు. మా ఆయన అప్పటికే ఐసు ట్రేలో నీళ్ళు నింపుకుని దాని ముందు నిలబడి ఉన్నాడు.

ఆ ట్రే రెండు రోజులు ఆగింది. ఆ మాత్రం బుద్ధి అప్పట్లో మాకుండేది.

మూడో రోజు ఎలక్ట్రీషియన్ వచ్చాడు. నడివయసు మనిషి, మాట తక్కువ. పెరడంతా ఒకసారి తిరిగి చూసి, మేము అంట్లు తోముకునే బండ పక్కన పార దించాడు. నడిచే దారిలో ఎందుకు, ఆ మూలకు తవ్వరాదా అని అత్త అడిగినా వినలేదు. ఛాతీ లోతు గుంత తీసి, ఇనుప పైపు నిలబెట్టి, చుట్టూ ఒక వరుస బొగ్గు, ఒక వరుస ఉప్పు వేస్తూ పూడ్చాడు. పైపు నుంచి తీగ లాగి సాకెట్టులోని మూడో రంధ్రానికి కలిపాడు. పోయేముందు నన్ను పిలిచి, బండ మీద నుంచి గుంత మీదికి పారుతున్న నీళ్ళు చూపించాడు.

"మన నేల సంగతి తెల్సు గదా మేడం. ఎండలొస్తే బీటలిస్తాది. గుంత ఎండిపోతే ఈ తీగ ఉన్నా లేనట్టే. అందుకే ఈడ తీసినా. అంట్లు తోమిన నీళ్ళు వాటంతటవే పోతాంటాయి. మీరు గుర్తు పెట్టుకునే పని ల్యా."

గుర్తు పెట్టుకునే పని లేదన్నాడు కాబట్టి నేను గుర్తు పెట్టుకోలేదు. ఇంటి పనీ బడి పనీ కలిసి నెత్తిన ఉన్న ఆడదానికి, ఒక పని గుర్తు పెట్టుకోనక్కర్లేదని ఎవరైనా చెబితే అంతకంటే కావాల్సింది ఏముంటుంది. తెరిచిన తలుపు వెంటనే వేసేయడం, తుడిచేముందు ప్లగ్గు తీయడం, పేరుకున్న ఐసును కత్తితో గీకకుండా కరిగేదాకా ఆగడం, ఇవన్నీ పాటించాను. గుంతను మాత్రం మరిచిపోయాను.

మా పెరటి గోడకు అవతల ఒక రేకుల ఇల్లుంది. అందులో ఉండే ఆమెను, ఉర్దూలో అక్క అన్నట్టు, వీధి వీధంతా ఆపా అనే పిలుస్తుంది, నేనూ అంతే. నాకంటే పదేళ్ళు పెద్ద. బొంతలు కుడుతుంది. భర్త బండల పాలిషింగు పనికి పోతాడు. ఆపాకు షుగరు. మాత్రలతో దిగడం లేదని డాక్టరు ఇన్సులిన్ రాసిన రోజు ఆమె మా ఇంటికి వచ్చింది. సూదిమందు చల్లగా ఉండాలట, ఎండకు చెడిపోతుందట. ఆమె ఇంటి రేకులు మే నెలలో పెనంలా కాలుతాయి. మా ఫ్రిజ్‌లో ఒక మూల చోటిస్తారా అని అడిగింది. నన్ను కాదు, అత్తను అడిగింది. ఎవరిని అడగాలో ఆమెకు తెలుసు.

అత్త సరేనంది. కానీ వంటింట్లో దేవుడి పటాలున్నాయి. చెప్పులు లోపలికి రాకూడదు, బయటి నుంచి వచ్చినవాళ్ళు ఎవరైనా కాళ్ళు కడుక్కునే రావాలి, ఎవరైనా అంటే ఎవరైనా, అంది. అందుకోసం పెరటి వైపు గడప పక్కన ఒక ఇత్తడి చెంబు నిండుగా పెట్టింది. నిజానికి ఎదురింటావిడ చక్కెర అడగడానికి వంటింట్లోకి వస్తే ఆ చెంబు సంగతి ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. ఈ విషయం నాకు తెలుసు, అత్తకు తెలుసు, ఆపాకూ తెలుసు. ముగ్గురం తెలియనట్టే ఉండిపోయాం.

అత్త చెడ్డ మనిషేమీ కాదు. ఆపాతో పెరటి గోడ మీదుగా గంటలు గంటలు మాట్లాడేది. ఆమె కుట్టిన బొంత లేకపోతే అత్తకు నిద్ర పట్టేది కాదు. కానీ మాటలకు గోడ అడ్డం రాలేదు గానీ కాళ్ళకు గడప అడ్డం వచ్చింది. నేను చదువుకున్నదాన్ని, పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పేదాన్ని, అత్తకు ఎదురు చెప్పొచ్చు. చెప్పలేదు. బడి నుంచి వచ్చాక ఇంట్లో ఇంకో గొడవ పెట్టుకునే శక్తి లేదని నాకు నేను సర్ది చెప్పుకున్నాను.

అలా ఆరేళ్ళు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆపా పెరటి తలుపు తోసుకుని వచ్చేది. చెప్పులు విడిచి, చెంబు వంచి, మడమల దాకా కాళ్ళు కడుక్కునేది. గడప దాటి, ఫ్రిజ్ కింది అరలో, ఐసుకు దూరంగా పెట్టుకున్న తన స్టీలు డబ్బా తీసుకుని, మందు సూదిలోకి లాక్కుని, డబ్బా మళ్ళీ అక్కడే పెట్టి వెళ్ళేది. నాపబండల మీద గడప నుంచి ఫ్రిజ్ దాకా, ఫ్రిజ్ నుంచి గడప దాకా ఆమె తడి అడుగులు పడేవి. నేను స్టవ్ దగ్గర నుంచి కదలకముందే ఆరిపోయేవి.

రెండేళ్ళ కిందటి ఎండాకాలం మా వీధిలో బోర్లు ఎండిపోయాయి. కుళాయి నాలుగు రోజులకొకసారి వచ్చేది, అదీ పిల్లి పాలు తాగినంత సేపు. ట్యాంకరు వచ్చిన రోజు వీధిలో బిందెల మధ్య మనుషులు కనపడేవాళ్ళు కాదు. నీళ్ళు పట్టుకోవడానికి ఒక పెద్ద డ్రమ్ము కొన్నాం. ఆ డ్రమ్ముకు వంటింట్లో చోటు కావాలి కదా. మా ఆయనా నేనూ కలిసి ఫ్రిజ్‌ను గోడకు ఆనించి నెట్టేశాం. జానెడు ఎడం సంగతి నాకు గుర్తొచ్చింది కూడా. వానలు పడి డ్రమ్ము తీసేశాక మళ్ళీ ముందుకు లాగుదాంలే అనుకున్నాను.

పెరట్లో అంతకు ముందు ఏడాది ఒక మామిడి అంటు నాటాం. బనగానపల్లెలో ఉంటూ ఇంట్లో మామిడి చెట్టు లేకపోతే ఎలా అని మా ఆయన పట్టుబట్టి తెచ్చింది. ఆ ఎండకు దాని ఆకులు వాలిపోయాయి. తాగడానికే నీళ్ళు లేవు, చెట్టుకు ఎక్కడి నుంచి తెస్తాం. ఒక సాయంత్రం అంట్లు తోముతుంటే నాకు ఆలోచన వచ్చింది. ఈ నీళ్ళన్నీ ఊరికే ఇక్కడి మట్టిలో ఇంకిపోతున్నాయే అనిపించింది. వెంటనే పలుగు తీసుకుని బండ దగ్గర నుంచి చెట్టు మొదలు దాకా చిన్న కాలవ తీశాను. గోడ అవతలి నుంచి ఆపా చూసి, మంచి పని చేశావన్నది. నాకూ అలాగే అనిపించింది. ఆ రోజు నుంచి చుక్క వృథా కాలేదు. వారానికి చెట్టు చిగురు వేసింది. అది చూసి మురిసిపోయాను.

నెల తిరక్కముందే ఫ్రిజ్ జుమ్మనడం మొదలైంది. మొదట వేళ్ళ కొసల్లో సన్నగా, చీమ పాకినట్టు. తర్వాత మోచేతి దాకా. మా ఆయన టెస్టరు పెట్టి చూశాడు. దాని చివర లైటు మిణుకుమంది. ఎండలకు వోల్టేజీ ఎక్కువ తక్కువలు అవుతోంది, వానలు పడితే అదే పోతుందిలే అని టెస్టరు జేబులో పెట్టుకున్నాడు. ఏమైనా అంటే నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునే మనిషి. నేను కూడా ఎలక్ట్రీషియన్‌కు ఒకసారి ఫోన్ చేశాను. ఎత్తలేదు. రెండోసారి చేయలేదు. అప్పట్లో పదో తరగతి పేపర్లు దిద్దడానికి రోజూ నంద్యాల పోయి వచ్చేదాన్ని. బస్సు దిగేసరికి ఒంట్లో జీవం ఉండేది కాదు. ఇంటికొచ్చి ఆ పీట ఎక్కి, మజ్జిగ తీసుకుని తాగి, పడుకునేదాన్ని. పీట మీద నిలబడితే ఏమీ అనిపించదు కాబట్టి ఏమీ లేనట్టే అనుకున్నాను. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

ఆపాకు కూడా పీట సంగతి చెప్పాం. ఆమె కాళ్ళు కడుక్కుని వచ్చి, పీట ఎక్కి, చేయి తుడుచుకుని తలుపు తీసేది. చెప్పులేసుకుని రమ్మని మాత్రం మాలో ఎవరమూ అనలేదు. పీట ఉంది కదా.

మే నెల చివరి ఆదివారం ఆవకాయ పెట్టుకుంటున్నాం. అత్తకు మోకాళ్ళ నొప్పులు, బండల మీద కూర్చోలేదు. ఫ్రిజ్ ముందున్న పీట జరుపుకుని దాని మీద కూర్చుని, మామిడి ముక్కలు ఒక్కొక్కటే గుడ్డతో తుడుస్తోంది. నేను వెనక్కి తిరిగి ఆవపిండి జల్లెడ పడుతున్నాను. గడప దగ్గర చెంబు వంచిన చప్పుడు విన్నాను. ఆపా వచ్చిందని తెలుసు. ఇల్లంతా కొత్త ఆవకాయ వాసన. రోజూ వినే చప్పుడే, అందుకే తల తిప్పలేదు.

తర్వాత ఒక మూలుగు వినిపించింది. గొంతులో నుంచి కాదు, ఇంకా లోపలి నుంచి వచ్చింది. తిరిగి చూస్తే ఆపా తడి కాళ్ళతో బండ మీద నిలబడి ఉంది. చెయ్యి ఫ్రిజ్ తలుపు అంచును పట్టుకుని ఉంది. వదలడం లేదు. వదలలేకపోతోంది. నోరు తెరుచుకుని ఉంది, కళ్ళు నా వైపే ఉన్నాయి. ఇరవై ఏళ్ళు పాఠం చెప్పిన నేను ఆమెను పట్టుకోవడానికి రెండు చేతులూ చాపి ముందుకు వెళ్ళాను.

"ముట్టుకోవాకు" అని అత్త అరిచింది.

నేను ఆగాను. మోకాళ్ళ నొప్పుల మనిషి ఎలా లేచిందో తెలియదు. తను కూర్చున్న పీటనే రెండు చేతులా ఎత్తి ఆపా మోచేతి మీద బలంగా కొట్టింది. చెయ్యి ఊడింది. తలుపు తెరుచుకుని డబ్బా కింద పడింది, ఆపా దాని పక్కన పడింది. నేను పరుగెత్తి మీటరు దగ్గర మెయిన్ ఆపేశాను. తిరిగొచ్చేసరికి అత్త ఆపా తలను ఒళ్ళో పెట్టుకుని, మామిడి సొన అంటిన చేతులు ఆమెకు తగలకుండా మోచేతులతో ఊపుతూ పిలుస్తోంది. ఇన్సులిన్ సీసా పగిలి, ఆవకాయ వాసనలో ఆసుపత్రి వాసన కలిసింది.

ఆపా బతికింది. డాక్టరు గుండె పరీక్ష చేసి ఫరవాలేదన్నాడు. అరచేయి కాలింది. మోచేయి నల్లగా కమిలింది, అది అత్త కొట్టిన దెబ్బ. మూడు రోజులు ఆపాను చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా అత్త ఆ కమిలిన చోటును చూసి తల దించుకునేది. బతికించిన దెబ్బకు ఆమె సిగ్గుపడింది. నేను సిగ్గుపడాల్సినదాని గురించి ఇంకా ఎవరికీ తెలియదు, నాకు కూడా.

ఎలక్ట్రీషియన్ వచ్చి ఫ్రిజ్ ముందుకు లాగాడు. గోడ రాయి అంచుకూ ఫ్రిజ్‌కూ మధ్య తీగ ఇరుక్కుని, ఫ్రిజ్ నడిచినప్పుడల్లా అదిరి అదిరి, పైతొడుగు అరిగిపోయి, రాగి బయటపడి ఫ్రిజ్ ఒంటికి తగులుతోంది. దాన్ని వేలితో చూపించి పెరట్లోకి నడిచాడు. పలుగుతో గుంత పక్కన గీశాడు. బూడిదలాంటి దుమ్ము లేచింది. అతని చూపు బండ మీద నుంచి మామిడి చెట్టు దాకా మెల్లగా పోయింది.

"గుంతలో తడి ఉంటే తీగ అరిగిన్నాడే ఫ్యూజు పోయి ఊరుకునేది. ఈ నీళ్ళెవురు మళ్ళిచ్చినారు?"

మా ఆయన నా వైపు చూశాడు. నేను చెట్టు వైపు చూశాను. జవాబు నా నోటి దాకా వచ్చింది. ఒక్క మాట చాలు. కానీ చెప్పలేదు. మా ఆయనే అందుకుని, ఇంట్లో ఎలుకలు ఎక్కువయ్యాయి, తీగ అవే కొరికి ఉంటాయి అన్నాడు. ఎలక్ట్రీషియన్ అతన్ని ఒకసారి చూసి మళ్ళీ ఏమీ అడగలేదు. సాయంత్రానికి వీధంతా అదే మాట. ఎలుక తీగ కొరికిందట, ఆపాకు కరెంటు కొట్టిందట. సైన్సు టీచరు ఇంట్లోనే ఇలా అయితే మాలాంటివాళ్ళ గతేమిటని ఎదురింటావిడ నన్ను ఓదార్చింది. ఆ ఓదార్పు తీసుకున్నాను.

తర్వాత అన్నీ చేయించాం. కొత్త తీగ వేయించాం. కరెంటు లీకయితే దానంతటదే ఆగిపోయే స్విచ్చి బిగించాం. గుంత తిరగదోడి కొత్త బొగ్గు, కొత్త ఉప్పు పోయించాం. నీళ్ళు పోయడానికి పైపు మూతి పైకి పెట్టించాం. డ్రమ్మును పెరట్లోకి మార్చి, ఫ్రిజ్‌ను జానెడు ముందుకు జరిపి, దాని ముందు రబ్బరు చాప పరిచాం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. ఇక్కడ కాలిన చెయ్యి మాది కూడా కాదు.

ఆపా మాత్రం రాలేదు. కొత్త సీసా కొని నేను తీసుకెళ్ళి ఇస్తే, అక్కడే ఉంచుకుంటానంది. చిన్న మట్టి కుండలో తడి ఇసుక పోసి, ప్లాస్టిక్ కవరులో చుట్టిన సీసాను అందులో పెట్టి, పైన తడిగుడ్డ కప్పింది. ఆ ఇసుకకు రోజూ రెండు చెంబుల నీళ్ళు, నీళ్ళు దొరకని ఆ రోజుల్లో. రేకుల కింద ఆ కుండ ఎంత చల్లగా ఉంటుంది? రెండు వారాలకు ఆమె ముఖం పీక్కుపోయింది. రాత్రుళ్ళు పదిసార్లు లేస్తున్నానంది. షుగరు బాగా ఎక్కిందని, మందు వేడికి చెడిపోయి ఉంటుందని డాక్టరు చెప్పాడట. ఇలాగే ఉంటే కష్టమన్నాడట.

ఫ్రిజ్ బాగు చేయించాం, ఇంక ఏమీ కాదు, రా అని నేను పిలిచాను. ఆమె కుండ మీద గుడ్డ సర్దుతూ నెమ్మదిగా అడిగింది.

"ఎలుక మళ్ళా రాదా అమ్మీ? దానికేం తెల్సు, నేను తెరుస్తాండానని."

అసలు ఎలుకే లేదని ఒప్పుకోకుండా, ఎలుక మళ్ళీ రాదని చెప్పలేను. మేము చెప్పిన అబద్ధాన్ని ఆమె నమ్మింది. నమ్మింది కాబట్టే భయపడుతోంది. ఆ భయంతోనే చెడిపోయిన మందు పొడుచుకుంటోంది. ఇంటికి తిరిగొచ్చి అన్నం ముందు కూర్చున్నాను. నా పరువు ఒక వైపు, ఆమె ప్రాణం ఒక వైపు. తూకం వేయాల్సిన పనే లేదు, అయినా ఒక పూటంతా తూకం వేశాను. ఆ పూటను నేను ఇంకా క్షమించుకోలేదు.

మరుసటి పొద్దున బడికి పోయేముందు ఆమె ఇంటికి వెళ్ళాను. బొంత పరుచుకుని కుడుతోంది. పక్కన కూర్చున్నాను. ఎలుక లేదని చెప్పాను. గోడకు నెట్టింది మేమని, గుంత ఎండగట్టింది నేనని, ఎలక్ట్రీషియన్ మొదటి రోజే నాకు చెప్పాడని, పిల్లలకు నేను ఇదే పాఠం చెబుతానని, అతను అడిగినప్పుడు నోరు మెదపలేదని అన్నీ చెప్పాను. ఆపా సూది బొంతలోనే గుచ్చి వదిలేసి విన్నది.

"నువ్వు కాలవ తీస్తాంటే నేను గోడకాడనే ఉన్నా గదమ్మీ. మంచి పని చేస్తివి అని నేనే అంటి" అంది చివరికి. కాలిన అరచేతిని తిప్పి చూసుకుంది. "ఒకటి అడుగుతా, ఏమనుకోవాకు. నాకు ఫ్రిజ్జంటే భయం పోతాదిలే. తడికాళ్ళతో రావాల్నంటేనే భయమైతాది. చెప్పులేసుకుని రావచ్చునా?"

ఆరేళ్ళలో ఆమె మా ఇంటిని అడిగిన రెండో కోరిక అది. రావచ్చని నేను వెంటనే అనలేకపోయాను. ఆమె నా ముఖం చూసి, పోనీలే, అత్తను అడిగి చెప్పు అంది. నన్ను ఆమె నిందించి ఉంటే అంత నొప్పి పుట్టేది కాదు.

ఆ రోజు బడికి సెలవు పెట్టాను. అత్త వరండాలో వెల్లుల్లి ఒలుస్తోంది. ఆమెకూ అన్నీ చెప్పాను, కాలవ సంగతి, ఎలుక సంగతి, ఆపా అడిగిన మాట. ఎదురు చెప్పడానికి నాలుగు మాటలు సిద్ధం చేసుకున్నాను. దేవుడికి చెప్పులు అడ్డం రావని, వస్తే పటాలు హాల్లోకి మారుస్తానని, ఇలాంటివి. అవేవీ అవసరం పడలేదు. అత్త ఒలిచిన రెబ్బలు పళ్ళెంలో వేసి, చేతులు దులుపుకుని, గోడ పట్టుకుని లేచింది. వంటింట్లోంచి పెరటి గడప దగ్గరికి పోయి, ఆ ఇత్తడి చెంబు ఎత్తి, అందులోని నీళ్ళు తీసుకెళ్ళి గుంత పైపులో పోసింది. చెంబును కడిగి లోపల బీరువా మీద బోర్లించింది.

"ఆ పొద్దు దాన్ని కొడితి గదా" అంది, నా వైపు చూడకుండా. "తడి కాళ్ళు లేకుంటే కొట్టే పనే ఉండేది గాదు."

సాయంత్రం ఆపా చెప్పులతో వచ్చింది. అవి నీలం రంగు రబ్బరు చెప్పులు, మడమల దగ్గర అరిగిపోయాయి. నేను ముందుగా స్విచ్చి బిగించిన డబ్బా, గోడకున్న ఎడం చూపించాను. గుంత దగ్గరికి తీసుకెళ్ళి తడి మట్టి చూపించాను. ఆమె అన్నిటికీ తల ఊపి, రబ్బరు చాప మీద నిలబడి, కాలిన చేత్తో కాకుండా ఎడమ చేత్తో తలుపు తీసింది. ఏమీ కాలేదు. సీసా కింది అరలో పెట్టింది. నెల తిరిగేసరికి షుగరు దిగింది.

రోజూ సాయంత్రం బడి నుంచి రాగానే, కాళ్ళు లాగుతున్నా సరే, ఒక బకెట్ నీళ్ళు గుంతలో పోస్తాను. తర్వాతే కూర్చుంటాను. చెట్టుకు వేరే నీళ్ళు పోస్తున్నాం, బతికింది. పాఠంలో ఎర్తింగ్ వచ్చినప్పుడు పిల్లలకు ఇప్పుడు గుంత గురించి కూడా చెబుతున్నాను, పుస్తకంలో లేకపోయినా.

చెంబు తీసేసి రెండేళ్ళు కావస్తోంది. ఆపా ఇప్పటికీ పొద్దున, సాయంత్రం వస్తుంది. గడప దగ్గరికి రాగానే ఆగుతుంది. కాళ్ళ నుంచి చెప్పులు సగం జారతాయి, నడుం వంగుతుంది, చెయ్యి చెంబు ఉండే చోటికి పోతుంది. అక్కడ ఏమీ లేదని చూసి మళ్ళీ చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుంటుంది. అయినా గడప దాటదు, అక్కడే నిలబడి ఉంటుంది. ఆ అలవాటు మేము చేయించిందే, చూసినప్పుడల్లా సిగ్గేస్తుంది. రా ఆపా, అంటాను. అప్పుడు లోపలికి వస్తుంది.